ఒడ్డున నేర్చిన వల

రూప్‌సింగ్ మూడెకరాల చేను నీళ్ల కింద ఉంది. టేకులపల్లి అడవి పక్కన జువ్వివాగుకు అడ్డంగా కట్ట పోసి చెరువు చేసినప్పుడు గుట్టకింది తండా భూములు సగం మునిగాయి. పరిహారం వచ్చింది, వచ్చిన దారినే పోయింది. మిగిలింది చూపు ఒక్కటే. రోజూ పొద్దున వేపపుల్ల నములుతూ కట్ట మీద నిలబడి, అదిగో ఆ కొంగ వాలిన చోట మా బావి, దానికి ఇవతల ఇప్పచెట్టు, అని నీళ్లకేసి వేలు చూపించేవాడు. వినే మనిషి దొరక్కపోతే మేకకు చెప్పేవాడు. ఆ మేకకు చెరువు అడుగు మొత్తం కంఠస్థం అయిందనీ, ఒక ఎండాకాలం నీళ్లు తగ్గితే అది నేరుగా పోయి పాత బావి గట్టు మీదే నిలబడిందనీ తండాలో చెప్పుకుంటారు. మేక ఇప్పుడు లేదు కనుక అడిగి తేల్చుకునే వీలు లేదు.

నలభై ఎనిమిదేళ్ల వయసుకు ఆయన చెయ్యని పని లేదు, కుదిరిన పనీ లేదు. పత్తి వేస్తే పురుగు తిన్నది. మిరప కౌలుకు చేస్తే వాన తిన్నది. తునికాకు తెంపాడు, కొత్తగూడెంలో లారీలకు బస్తాలు ఎత్తాడు, నడుము పట్టేసి ఇంటికొచ్చాడు. ఇంటికొచ్చి మళ్లీ చెరువు చూశాడు. అవతలి ఒడ్డు ఊరి మత్స్య సొసైటీ వాళ్లు తెప్పల మీద పోయి రవ్వ, బొచ్చె చేపలు గంపలకు గంపలు తెస్తున్నారు.

"చూడు సోమ్లీ, ఎంత బలిసినయో! నా చేను మేసి బలిసినయి," అన్నాడు భార్యతో.

"మేసినయి గదా, పోయి పాలు పిండుకో," అంది సోమ్లి.

ఆమెది ఎప్పుడూ అదే వరస. కానీ ఆ మాట ఈయన మనసులో ముల్లులా దిగింది. సొసైటీలో సభ్యుడు కానివాడు ఆ చెరువులో వల వెయ్యకూడదు. వేస్తే వల గుంజుకుంటారు, పేరు రాసుకుంటారు. రూప్‌సింగ్ తాత దున్నిన నేల మీద, తండ్రి తవ్విన బావి మీద రూప్‌సింగ్ ఒక చేప పట్టడానికి లేదు.

అట్లాంటి రోజుల్లో, ఉగాది వెళ్లిన పదిరోజులకు, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఒక కాగితం అంటించారు. ముంపు తండా వాళ్లకు సొసైటీలో నాలుగు సభ్యత్వాలు ఇస్తారు. కాకపోతే చేపల పని వచ్చినట్టు పరీక్షలో చూపించాలి. చెరువులో ఈత కొట్టాలి. చినిగిన వల అల్లాలి. మొలలోతు నీళ్లలో నిలబడి విసురు వల మూడుసార్లు విసిరితే ఒక్కసారైనా గుండ్రంగా పరుచుకోవాలి. పరీక్ష కార్తీకమాసంలో. ఒక్కసారే. సీట్లు నిండకపోతే అవి తిరిగి సొసైటీకే పోతాయి.

తండాలో పదకొండు మంది పేర్లిచ్చారు. కార్తీకం అంటే ఇంకా చాలా దూరం అని పదిమంది పడుకున్నారు. రూప్‌సింగ్ మాత్రం ఆ బుధవారమే సంతకు పోయి గంగక్క ముందు కూర్చున్నాడు.

గంగక్క అవతలి ఒడ్డు ఊరి మనిషి. అరవై దాటింది. సంతలో చేపలు కోస్తూ కూర్చుంటే ఆమె కత్తిపీట కన్నా ఆమె నోటికే జనం ఎక్కువ భయపడేవాళ్లు. భర్త చనిపోయి రెండేళ్లయింది. ఆయన సభ్యత్వం తన పేరు మీద రాయమని ఆమె సొసైటీలో అడిగితే, ఆడమనిషికి వల ఎందుకని నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ఇంకా అరగలేదు.

"అక్కా, జర వల ఇసురుడు నేర్పియ్యవా?" అన్నాడు రూప్‌సింగ్.

"నేనా? నేను వల పట్టుకోని నీళ్లల్ల దిగితె మావోళ్లు వలను ఇడిసిపెట్టి నన్ను ఇసురుతరు."

"ఎందుకక్కా?"

"ఆడది దిగితె చేప దొరకదట. మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్లత్త చెప్పింది. అల్లుతం, అతుకేస్తం, అమ్ముతం. దిగం."

"మరి ఇసురుడు నీకు తెల్వదా?"

గంగక్క కత్తిపీట మీది నుంచి తలెత్తింది. "తెల్వదా? నలభై ఏండ్లు, ముందుగాల వాగు కాడ, తర్వాత చెరువు కాడ, ఒడ్డు మీద గంప పెట్టుకోని కూసున్న తమ్మీ. ఆయన చెయ్యి ఎట్ల లేస్తది, వల ఎట్ల ఇచ్చుకుంటది, నా కండ్లకు తెల్సినంత మా ఊర్ల ఎవనికి తెల్వదు. చల్. నేర్పిస్త. మావోళ్ల ముక్కు మీద గుద్దినట్టు నేర్పిస్త."

మరుసటి వారం ఆమె భర్త విసురు వలను మూట కట్టి నెత్తిన పెట్టుకుని తండాకు వచ్చింది.

వలతో చెరువులో దిగడానికి లేదు గనుక బడి మిరప కళ్లంలో మొదలైంది. పంట లేని కాలం, కళ్లం ఖాళీగా ఉంది. గంగక్క ముగ్గుపిండితో నేల మీద పెద్ద గుండ్రం గీసింది. వల విసిరితే అంచుకున్న ఇనుప గుండ్లు ఆ ముగ్గు మీద పడాలి. తాను ఒక రాయి మీద కూర్చుని, తమలపాకు దవడన పెట్టుకుని, చెప్పడం మొదలుపెట్టింది. తాడు ఎడమచేతికి ముడెయ్. సగం వల మోచెయ్యి మీద ఎయ్. అంచు ఒకటి పండ్లతోటి పట్టుకో. భుజం దించు. ఇసిరేటప్పుడు నోరు తెరువు, మర్చిపోయినవో...

మొదటిరోజే మర్చిపోయాడు. ముందు పన్ను ఒకటి గుండుతోపాటు ఎగిరిపోయి ఎక్కడ పడిందో దొరకలేదు.

"రొట్టె గుండ్రంగ చేసుడే రాదు నీకు. వల గుండ్రంగ ఏస్తవా?" అని సోమ్లి పసుపు తెచ్చి అద్దింది.

ఆ వానాకాలం గుట్టకింది తండాలో తిరగాలంటే ధైర్యం కావాల్సి వచ్చింది. రూప్‌సింగ్ వల ఏ పూట ఎవరి మీద పడుతుందో తెలియదు. ఒక పుంజు పడింది. అది తర్వాత వారంరోజులు కూయడం మానేస్తే, సూర్యుడు కూడా ఆలస్యంగా లేచాడని కొందరంటారు, మూడు రోజులే అనేవాళ్లూ ఉన్నారు. ఒకరోజు పంచాయతీ సెక్రటరీయే బండితో సహా చిక్కుకున్నాడు. చిక్కు విప్పడానికి గంట పట్టింది. ఏడాదిగా తిప్పుతున్న రెండు కాగితాల మీద ఆయన ఆ వలలో కూర్చునే సంతకాలు పెట్టాడట. అప్పటి నుంచి ఆఫీసులో పని ఉన్నవాళ్లు రూప్‌సింగ్‌ను వలతో సహా వెంట రమ్మని పిలవసాగారు.

కానీ ఆటలో పడి గురువు, శిష్యుడు అసలు సంగతి మర్చిపోలేదు. తడిసిన వల పొడి వల కన్నా మూడింతలు బరువు. అది గంగక్కకు తెలుసు, ఆ వలను నలభై ఏళ్లు పిండి ఆరేసింది ఆమే. అందుకని నీలం డ్రమ్ము నిండా నీళ్లు పోసి, వలను ముంచి తీసి విసిరించింది. రూప్‌సింగ్ కుడికాలు ఒక అడుగు ముందుకు వేసి, మడమ మీద గిర్రున తిరిగి విసిరేవాడు. ఆ తిరుగుడు ఆయన సొంతంగా కనిపెట్టాడు. దానితో వల గొడుగులా విచ్చుకునేది. దసరా నాటికి పదిసార్లు విసిరితే తొమ్మిదిసార్లు గుండ్లు ముగ్గు మీద కూర్చున్నాయి.

"మా ఆయనకు కూడ గింత గుండ్రం రాలే," అంది గంగక్క ఒక సాయంత్రం. ఆమె ఎవరినైనా మెచ్చుకోవడం టేకులపల్లి సంతలో ఎవరూ వినలేదు.

రూప్‌సింగ్ ఆ మాట ఇంటికి మోసుకుపోయాడు. "సోమ్లీ, కార్తీకం తర్వాత మన చేను మీద మనమే," అన్నాడు. సోమ్లి ఈసారి ఎగతాళి చెయ్యలేదు. పెట్టెలోంచి ఒక తెల్ల చొక్కా తీసి, గుండీ ఊడిన చోట గుండీ కుట్టి, పరీక్ష రోజుకని మడిచి పెట్టింది.

పరీక్షనాడు చెరువు ఒడ్డు జాతరలా ఉంది. సొసైటీ మనుషులంతా వచ్చారు. వాళ్ల ప్రెసిడెంటు రవికుమార్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మత్స్యశాఖ నుంచి ఉదయ్ భాస్కర్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. చేతిలో ఫోను, మెడలో విజిల్, కళ్లలో ఎవరినీ నొప్పించకూడదన్న భయం. తండా నుంచి పేర్లిచ్చిన పదకొండు మందిలో ఆరుగురే వచ్చారు. ఈతలోనే ముగ్గురు నీళ్లు తాగి ఒడ్డెక్కారు. ఇద్దరు వల అల్లబోయి తమ వేళ్లు అల్లుకున్నారు. మిగిలింది రూప్‌సింగ్.

ఈత ఆయనకు లెక్కే కాదు, చిన్నప్పుడు తండ్రి బావిలో నేర్చిందే. చినిగిన వలను, గంగక్క నేర్పినట్టే, చెక్కసూదితో ఎంత చకచకా అల్లాడంటే ఉదయ్ భాస్కర్ దాన్ని వెలుతురుకు పట్టి అతుకు ఎక్కడుందో వెతికాడు. రవికుమార్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. ఒడ్డు మీద జనం వెనక, గంప పక్కన పెట్టుకుని, గంగక్క మెడ సాచి చూస్తోంది.

"ఇంక వల ఒక్కటేనండీ. మొలలోతు దాకా దిగండి," అన్నాడు ఉదయ్ భాస్కర్.

రూప్‌సింగ్ దిగాడు. కాళ్ల కింద నల్లమట్టి మెత్తగా తగిలింది. తాడు ముడేశాడు. సగం వల మోచెయ్యి మీద వేశాడు. అంచు పళ్లతో పట్టుకున్నాడు, పన్ను పోయిన సందు తప్పించి. భుజం దించాడు. అడుగు ముందుకు వేయబోయాడు.

అడుగు రాలేదు. పిక్క దాకా దిగిన కాలును బురద పట్టుకుంది. మొల పైన మనిషి తిరిగాడు, కాలు తిరగలేదు. మోకాలు కలుక్కుమంది. తీగ తెగితే ఆరేసిన పంచె పడినట్టు వల ఒక ముద్దగా పడింది.

"ఒకటి," అన్నాడు ఉదయ్ భాస్కర్.

రూప్‌సింగ్ వల లాగి, దులిపి, మళ్లీ సర్దుకున్నాడు. ఈసారి కాలు ముందే పైకి లాగి పెట్టుకుందామనుకున్నాడు. ఒక కాలు లాగితే రెండోది ఇంకా లోతుకు దిగింది. చెయ్యి మాత్రం నేర్చింది నేర్చినట్టే లేచింది. వల సగం విచ్చుకుని సగం ముడుచుకుని, కొరికిన రొట్టెలా నీళ్ల మీద పడింది.

"రెండు."

జనంలో ఎవరో దగ్గారు. గంగక్క లేచి నిలబడింది. "భుజం దించు తమ్మీ!" అని అరిచింది. భుజం దించే ఉంది. చెయ్యి, భుజం, నోరు, అన్నీ ఆమె చెప్పిన చోటే ఉన్నాయి. రూప్‌సింగ్ గట్టిగా ఊపిరి పీల్చి, ఉన్న బలమంతా మడమలోకి తెచ్చుకుని గిర్రున తిరిగాడు. మడమ అక్కడే ఉండిపోయింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. పైకి లేచిన వల ఒక్క క్షణం గుండ్రంగానే విచ్చుకుంది, విచ్చుకుని ఆయన మీదే పడింది.

"ఇంత పెద్ద చేప మన చెరువుల ఎన్నడు పడలే!" అని సొసైటీ వాళ్లలో ఒకడు కేక వేశాడు. కట్టంతా నవ్వింది. కట్ట కింద మేస్తున్న బర్రెలు తలెత్తి చూశాయి.

ఉదయ్ భాస్కర్ నవ్వలేదు. ప్యాంటు తడుస్తున్నా దిగి, వల తీసి, చెయ్యి అందించి లేపాడు.

"నీళ్లలో కాళ్లు కదపకూడదండీ. ఎడంగా పాతిపెట్టి నడుము తిప్పాలి. చెయ్యి మాత్రం చాలా బాగుంది. మీకెవరు నేర్పారు?"

రూప్‌సింగ్ ముఖం మీది బురద తుడుచుకున్నాడు. ఒడ్డు వైపు చూశాడు. గంగక్క నిలబడే ఉంది. ఆమె పక్కన ఆమె ఊరివాళ్లంతా ఉన్నారు.

"ఎవరు నేర్పలే సార్. నేనే నేర్సుకున్న," అన్నాడు.

"అయ్యో."

"ఇంకొక్కసారి సార్. ఇప్పుడు తెల్సింది గదా. కాళ్లు పాతిపెట్టి ఇసురుత."

ఉదయ్ భాస్కర్ రవికుమార్ వైపు చూశాడు. రవికుమార్ ఆకాశం వైపు చూశాడు.

"మూడే అని రాసుందండీ. మీకిస్తే పొద్దున ఓడినవాళ్లకూ ఇవ్వాలి."

"మల్ల ఎప్పుడు పెడ్తరు?"

"మళ్లీ లేదండీ. ఈ నాలుగూ ఈరోజుతో సొసైటీకి వెళ్లిపోతాయి."

రూప్‌సింగ్, ఎవరో ఒడ్డు మీది నుంచి ఇంక రమ్మని పిలిస్తే గానీ కాళ్లు పెరుక్కుని బయటికి రాలేదు. తెల్ల చొక్కా ఎన్ని ఉతుకులకూ తెల్లబడలేదు.

గంగక్క రెండు వారాలు సంతకు రాలేదు. మూడోవారం తండాకు వచ్చింది. సోమ్లి పీట వేస్తే కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడింది. రూప్‌సింగ్ లోపలికి పోయి, ఉతికి మడిచిన వల తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నా పేరు చెప్పకపోతివేంది?" అంది.

"చెప్పి ఏం లాభమక్కా? మీవోళ్లు నిన్ను ఇసిరెటోళ్లు."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఆమె నుంచి నాలుగు తిట్లు వచ్చేవి. రాలేదు.

"నీళ్ల కింద మా ఆయన కాళ్లు ఎట్ల పెడ్తడో నేనెన్నడు చూడలే తమ్మీ. ఎట్ల కనబడ్తయి? ఒడ్డు మీద కూసున్నదానికి మొల కాడికే కనబడ్తది. నలభై ఏండ్లు మనిషిని చూసిన అనుకున్న. సగమే చూసిన."

సోమ్లి మంచినీళ్లు తెచ్చింది. గంగక్క తాగి, చెంబు ఇచ్చి, వల నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాత ఆ వలను సంతలోనే ఎవరికో ఇచ్చేసిందని తెలిసింది.

సంక్రాంతి దాటాక రవికుమార్ స్వయంగా తండాకు బండి మీద వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పరీక్షనాడు ఆకాశం వైపు చూసినందుకు ఆయనకూ ఎక్కడో గుచ్చుకుంటూ ఉండాలి.

"రూప్‌సింగ్, చెరువుకు కాపలా మనిషి కావాలె. ఇటుపక్క ఒడ్డుకు దొంగవలలు ఎక్కువైనయి. నీకైతే లోతులు తెల్సు, తండావోళ్లు నీ మాట ఇంటరు. నెల జీతం. వస్తవా?"

రూప్‌సింగ్ వస్తానన్నాడు. రానని ఎక్కడికి పోతాడు? మిరప కోతలకు పోదామంటే నడుము వంగదు. రవికుమార్ ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక టోపీ, ఒక విజిల్ ఇచ్చాడు. పని సులువు. సభ్యుడు కాని మనిషి నీళ్లలోకి వల దించితే విజిల్ ఊదాలి. బయటికి రాకపోతే ఇంకోసారి ఊదాలి. పట్టిన చేప నీళ్లలో వదిలించాలి.

శివరాత్రి ముందు ఒక మధ్యాహ్నం రవికుమార్ కట్ట మీదికి వచ్చి, బండి ఆపి, ఫోను మాట్లాడుతున్నాడు. అప్పుడే తండా వైపు మూలన, మోకాలిలోతు నీళ్లలో, ముగ్గురు ఆడవాళ్లు పాతచీరను రెండు కొసలా, మధ్యలో పట్టుకుని చిన్న పరిగె చేపల కోసం దేవుతున్నారు. రూప్‌సింగ్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. మధ్యలో వంగి ఉన్న మనిషి నడుము నిటారు చేసింది. సోమ్లి.

రవికుమార్ ఫోను మాట్లాడుతూనే అటు చూశాడు, తర్వాత ఇటు చూశాడు.

రూప్‌సింగ్ విజిల్ ఊదాడు.

సోమ్లి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కట్ట మీదికి చూసింది. "ఏందయ్యా, పిట్టలను తోల్తున్నవా?" అని లంబాడీలో కేక వేసింది. మిగతా ఇద్దరూ పడిపడి నవ్వారు. నవ్వి మళ్లీ చీర నీళ్లలో ముంచారు.

రూప్‌సింగ్ రెండోసారి ఊదాడు. ఈసారి పొడుగ్గా.

నవ్వు ఆగిపోయింది. సోమ్లి చీరను ఒడ్డు దాకా లాగి, ఆయన చూసేట్టు పైకెత్తి, తిరగేసి దులిపింది. గోరంత చేపలు ఎండలో తళుక్కుమని నీళ్లలోకి జారిపోయాయి.

"గట్లుండాలె రూప్‌సింగ్," అన్నాడు రవికుమార్, కొంచెం చిన్న గొంతుతో. అని బండి ఎక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి సోమ్లి తడిచీర భుజాన వేసుకుని కట్ట ఎక్కి వచ్చింది. ఒడ్డున పెట్టి ఉంచిన టిఫిన్ డబ్బా తెచ్చి కుర్చీ పక్కన పెట్టింది. పెట్టి వెనక్కి తిరిగింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మాట అనకుండా వెళ్లడం అదే మొదటిసారి. రూప్‌సింగే ఏదో అనబోయాడు గానీ, విజిల్ ఇంకా నోట్లోనే ఉంది.

ఆమె తండా మలుపు తిరిగేదాకా చూసి డబ్బా మూత తీశాడు. జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం. తినబోతుంటే అవతలి మూల నీళ్లలోకి ఏదో దిగుతున్నట్టు కనిపించింది. లేచి నిలబడి కళ్లు చికిలించి చూశాడు.

బర్రె. బర్రెకు రూలు లేదు. ఆయన కూర్చుని రొట్టె విరిచాడు.